పెట్టె వెనక కన్నాలు

ఇళ్లకు ప్లాన్లు గీయడం నా పని. విజయనగరంలో ఒక మందుల షాపు మేడమీది గదిలో కూర్చుని గీస్తాను. జనం వచ్చి గీయించుకుంటారు. ఆ కాగితం మీద మున్సిపాలిటీ ముద్ర పడగానే దాన్ని బీరువాలో పడేసి, మేస్త్రీ చెప్పినట్టూ, సిద్ధాంతి చెప్పినట్టూ, బావమరిది చెప్పినట్టూ ఇల్లు కట్టుకుంటారు. నేను తూర్పున పెట్టిన కిటికీ ఉత్తరానికి పోతుంది. మెట్లు వంటింట్లోంచి లేస్తాయి. చివరికి గృహప్రవేశానికి పిలిచి, "ఈయన గీసిన ఇల్లేనండి" అని పదిమందికీ చూపిస్తారు. ఆ రోజు వడ్డించే పులిహోర నాకు గొంతు దిగదు. మనుషుల మీద నాకున్న అభిప్రాయం అలాంటి పులిహోరలు తిని తిని ఏర్పడింది.

అలాంటివాణ్ణి ఒక ఏడాది వర్షాకాలంలో ఇంట్లోకి ఒక సబ్‌ఊఫర్ పెట్టె చేయించడానికి పూనుకున్నాను. పాటలో అడుగున నడిచే లావు శబ్దాన్ని మాత్రమే పలికించే పెద్ద స్పీకరును సబ్‌ఊఫర్ అంటారు. స్పీకరు ఎంత మంచిదైనా అది కూర్చునే చెక్కపెట్టె సరిగా లేకపోతే దండగే. ఈ చిన్న సంగతి మా రెండు జిల్లాల్లో ఎవరికీ తెలియదు. తెలియనందుకు బాధపడుతున్నవాళ్లు కూడా నాకు కనబడలేదు.

మా వైపు బేస్ అంటే, అదే ఆ లావు శబ్దమంటే, దబ్ దబ్. ఆటో ఎక్కితే సీటు వెనక దాచిన పెట్టె వీపు మీద గుద్దుతూనే ఉంటుంది. రామతీర్థం వెళ్లి దేవుణ్ణి చూసి వచ్చేసరికి పుణ్యం మాట ఎలా ఉన్నా నడుం నొప్పి మాత్రం ఖాయం. ఊరేగింపుల్లో ట్రాక్టరు మీద బీరువాలంత పెట్టెలు పేర్చి గోడల సున్నం రాలేలా వాయిస్తారు. ఇక వ్యాపారస్తుల ఇళ్లు మరో రకం. నేను ప్లాను గీసిన ఒక బట్టల షాపాయన హాల్లో హోం థియేటర్ పెట్టించాడు. నీలం లైట్లు వెలిగే ఆ బేస్ డబ్బా మీద వాళ్లావిడ లేసు గుడ్డ పరిచి ప్లాస్టిక్ పూలకుండీ పెట్టింది. ఆయన రిమోట్ నొక్కి, "సూడండి, గుండెల్లో కొడతాది" అన్నాడు. కొట్టింది. పాట మార్చాడు. అదే దెబ్బ. భక్తిపాటకీ అదే, జోలపాటకీ అదే. ఆ డబ్బాకి వచ్చింది ఒక్కటే శబ్దం, ఏ పాట వేసినా దాన్నే పలుకుతోంది. ఆయన మొహంలో మాత్రం పెద్ద విద్వాంసుడి తృప్తి. నాకు ఒళ్లు మండింది. "బాగుందండి" అన్నాను. వాళ్ల పై అంతస్తు ప్లాను ఇంకా గీయాల్సి ఉంది మరి.

ఈ దబ్ దబ్ తరఫున మా ఇంట్లో వకాల్తా పుచ్చుకున్నవాడు నా భార్య తమ్ముడు. గజపతినగరంలో షామియానాలు, కుర్చీలు, మైకు సెట్లు అద్దెకిస్తాడు. పెళ్లికీ అతనే, దినానికీ అతనే. మనిషి మంచివాడని అందరూ అంటారు. అనేవాళ్లెవరూ అతని పెట్టెల పక్కన గంటసేపు నిలబడి ఉండరు. మా ఇంటికొచ్చినప్పుడల్లా సోఫాలో కాళ్లు మడుచుకుని కూర్చుని, టీ చేతికందేవరకూ నాకు శబ్దశాస్త్రం బోధిస్తాడు.

"బావా, బేసంటే కిటికీలు ఊగాల. కిటికీ ఊగనేదంటే అది బేసే కాదు."

కిటికీలు గీసేవాణ్ణి నేను. అవి ఊగకూడదనే జనం నా దగ్గరికొస్తారు. అతనికి ఇది చెప్పి లాభం లేదు. చెప్పినా అతని చెవులు ఏనాడో ఆ పెట్టెల ముందే పోయాయి.

ఇంతకీ నాకు ఆ పెట్టె ఎందుకంటే, మా నాన్న కోసం. మాది శ్రీముఖలింగం దగ్గర వంశధార ఒడ్డు పల్లె. వరి పండించే కుటుంబం. పొలం పనుల్లేని రోజుల్లో నాన్న జముకుల కథకి వెళ్లేవాడు. కథ చెప్పేది, పాడేది, ఆడేది ఇంకొకాయన. నాన్న ఆయన వెనక నిలబడి జముకు వాయించేవాడు. జముకు అంటే ధాన్యం కొలిచే కుంచమంత డోలు. ఒకవైపు తోలు మూసి ఉంటుంది, రెండోవైపు తెరిచి ఉంటుంది. తోలు నడిమధ్యన కట్టిన తీగ లోపలినుంచి బయటికి వస్తుంది. డోలును ఎడమ చంకలో ఇరికించుకుని, ఆ తీగను ఒక చేత్తో లాగి పట్టి ఇంకో చేత్తో మీటుతారు. లాగితే శబ్దం పైకి లేస్తుంది, వదిలితే కిందికి జారుతుంది. మనిషి కడుపులోంచి మూలిగినట్టు ఉంటుంది. కథలో రాజు చస్తే జనం కంటనీరు పెట్టేది పాట విని కాదు, వెనక నుంచి ఆ మూలుగు వచ్చి పట్టుకోవడం వల్ల. ఈ మాట నాకు చెప్పింది ఆ రోజుల్లో విన్న ఊరి పెద్దలు. నాకు ఊహ తెలిసేసరికి నాన్న భుజం పట్టేసి వాయించడం మానేశాడు. జముకు అటక మీద ఎలుకల పాలయింది.

మా అమ్మకి ఆ వాయిద్యమంటే చులకన. వెటకారం ఆమెకు పుట్టుకతో వచ్చింది, నాకు ఆమె నుంచి వచ్చింది. "ముందున్నోడు ఆడతాడు, పాడతాడు, మీ అయ్య ఎనకాల నిలబడి రేకుడబ్బా గోకుతాడు" అనేది. ఊరంతా వెళ్లినా తాను ఒక్కనాడూ కథ చూడటానికి గుమ్మం దాటలేదని గర్వంగా చెప్పుకునేది. ఆ మాట వచ్చినప్పుడల్లా నాన్న తువ్వాలు భుజాన వేసుకుని పశువుల పాక వైపు వెళ్లిపోయేవాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పగా నేను చూడలేదు.

అమ్మ పోయాక నాన్న విజయనగరం వచ్చి మాతో ఉన్నాడు. వస్తూ తెచ్చుకున్న సామాన్లలో ఒక క్యాసెట్ ఉంది. ఎప్పుడో, నాకు గుర్తులేని కాలంలో, పల్లెకథలు సేకరించే ఒక కాలేజీ మేష్టారు పెద్ద రికార్డరూ రెండు మైకులూ పట్టుకొచ్చి మా ఊళ్లో ఒక రాత్రి కథంతా ఎక్కించుకుని, తర్వాత ఒక కాపీ పంపించారట. దాన్ని నేను పెన్‌డ్రైవ్‌లోకి మార్పించాను. మంచి రికార్డింగే. అయితే అందులోనూ మన జనం మన జనమే. దగ్గేవాడు దగ్గుతుంటాడు, బీడీ అడిగేవాడు అడుగుతుంటాడు. సరిగ్గా కథ గుండె పిండే చోట ఎవరిదో గుంటడు గుక్కపట్టి ఏడుపు మొదలెడతాడు. దూరంగా, మైకుకి అందీ అందకుండా, వాడి తల్లి "ఊరుకో ఊరుకో" అంటూ ఇంకాస్త పాడుచేస్తుంది. ఏడ్చే పిల్లాణ్ణి చంకనేసుకుని అక్కడిదాకా రాకపోతే ఆవిడకి తెల్లారదా అని విన్నప్పుడల్లా తిట్టుకునేవాణ్ణి. ఆ ముక్క కత్తిరించమని క్యాసెట్ మార్చిన షాపువాణ్ణి అడిగాను కూడా. కత్తిరిస్తే పాట కూడా తెగిపోతుందన్నాడు. సరే ఏడవనీ అని వదిలేశాను.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ రికార్డింగును టీవీలో పెట్టినా, ఫోన్లో పెట్టినా, నా దగ్గరున్న చిన్న స్పీకర్లలో పెట్టినా పాటంతా వినబడేది గానీ జముకు మాత్రం టిక్ టిక్‌మనేది. గోరుతో అగ్గిపెట్టె మీద కొట్టినట్టు. అంత లావు శబ్దం పలకడం చిన్న స్పీకర్ల వల్ల కాదు. ఒక ఆదివారం నాన్న అడిగితే అది పెట్టాను. మా బావమరిది అక్కడే ఉన్నాడు. కాసేపు విని, పకపకా నవ్వి, "ఏటి మావయ్యా, జముకు జముకంటే ఏటో అనుకున్నాను, రేకుడబ్బాయేనా!" అన్నాడు. నాన్నకి అప్పటికే చెవులు సగం పోయాయి. ఆ మాట వినబడలేదు. ఎదుటివాడు నవ్వుతున్నాడు కదా అని తనూ నవ్వాడు. నేను ఆ నవ్వు చూడలేకపోయాను. బావమరిది చేతిలో గ్లాసు లాక్కుని బయటికి పొమ్మందామనుకున్నాను. బంధుత్వం అడ్డొచ్చింది.

చెవుల డాక్టరు చెప్పింది ఏమిటంటే, వయసుతో పోయేటప్పుడు సన్నటి శబ్దాలు ముందు పోతాయి, లావువి ఆఖర్న పోతాయి. పక్షులు, పిల్లల గొంతులు, ఫోను మోతలు నాన్నకి అప్పటికే లేవు. లారీ వెళ్తే తల తిప్పేవాడు. ఆ కాస్తా పోవడానికి ఎంతో కాలం పట్టదన్నాడు డాక్టరు. అదీ పోయేలోగా నాన్న తన జముకు తాను ఒక్కసారి వినాలి. నాకు కావలసింది అంతే. పనిలో పనిగా ఆ షామియానాలవాడు కూడా విని నోరు మూసుకుంటే మరీ సంతోషం.

పెట్టె ఎలా ఉండాలో తెలుసుకుందామని ఇంటర్నెట్‌లో వెతికాను. ఈ సరదా ఉన్న పెద్దమనుషులంతా ఒకచోట చేరి వాదించుకుంటుంటారు. ఒకడు చెక్క మందం గురించి, ఒకడు తీగ మందం గురించి, ఒకడు పెట్టె లోపల దూది కూరాలా ఉన్ని కూరాలా అన్నదాని గురించి నెలలతరబడి తిట్టుకుంటారు. వీళ్లలో పాట విన్నట్టు ఒక్కడి మాటల్లోనూ ఆనవాలు లేదు. వేసుకునేది ఉరుముల శబ్దాలు, విమానాల శబ్దాలు. అయినా ఆ చెత్తలోంచి నాకు కావలసింది ఏరుకున్నాను. పెట్టెలు రెండు రకాలు. ఒకదానికి గాలి పోవడానికి గొట్టం పెడతారు. అది గట్టిగా మోగుతుంది గానీ ఒక్క శబ్దం మీదే ఊగుతుంది. బట్టల షాపాయన డబ్బా ఆ జాతిదే. రెండోది అన్ని వైపులా మూసేసిన పెట్టె. లోపలి గాలి బయటికి పోలేక స్పీకరు పరదాను వెనక్కి నెడుతూ అదుపులో ఉంచుతుంది. శబ్దం తక్కువైనా ఎక్కడికి లాగితే అక్కడికి వెళ్తుంది. కింది నుంచి పైకి జారే జముకుకి అదే కావాలి.

విశాఖపట్నం వెళ్లి పన్నెండంగుళాల స్పీకరు తెచ్చాను. వారం రోజులు కూర్చుని ప్లాను గీశాను. ఇంత శ్రద్ధగా నేను ఏ బంగళాకీ గీయలేదు. లోపల అడ్డుచెక్కలు ఎక్కడ రావాలో, మూలలు ఎలా అతకాలో, స్పీకరు కన్నం ఎన్ని నూళ్ల వెడల్పో అన్నీ వేశాను. మా వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు. వాళ్లకి తేలిగ్గా ఉండాలని ఆ లెక్కలోనే వేశాను. కింద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాల్లో రాశాను: గాలి ఎక్కడా బయటికి పోరాదు.

ప్లైవుడ్ షాపు యజమాని పలకలు కోయించకుండా ముందు నాకు పూల సన్‌మైకా చూపించాడు. "హాల్లో ఎడతారు కదండీ, సాదాది ఎట్టుకుంటే సుట్టాలేటనుకుంటారు?" అన్నాడు. చుట్టాలు ఏమనుకున్నా ఫరవాలేదన్నాను. అలాంటి మనిషిని అతను మొదటిసారి చూసినట్టున్నాడు. పూలది నాకు అంటగట్టలేకపోయినందుకు రంపపు పొట్టు ఉచితంగా నా చొక్కా మీదికి ఎగరగొట్టించాడు.

వడ్రంగి టీవీ స్టాండులూ పూజామందిరాలూ చేసేవాడు. మా వీధిలో సగం టీవీలు అతని స్టాండుల మీదే ఉన్నాయి. ప్లాను పట్టుకుని తిరగేసి, మరగేసి చూశాడు.

"ఏటి బాబూ ఇది? బియ్యం పెట్టా?"

"స్పీకరు పెట్టి."

"అయితే తలుపేదీ?"

"తలుపుండదు. అన్ని పక్కలా మూసీయాల. కాగితం మీద రాసినాను, సదువుకో."

"సదువుతాను బాబూ," అని ఆ కాగితం మీద టీ గ్లాసు పెట్టాడు. నా ఎర్ర అక్షరాల చుట్టూ గుండ్రంగా మరక పడింది. వృత్తిలో ఇన్నేళ్లు ఉన్నవాణ్ణి, నాకు అప్పుడే అర్థం కావలసింది.

ఈ లోపు ఇంట్లో నా భార్య దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చేసింది. "నైరుతి మూల బరువుండాలని సెప్పినారు సిద్ధాంతిగారు. ఆ పెట్టి అక్కడే ఎట్టండి." బేస్ పెట్టె గది మూలన ఉంటే శబ్దం నిండుగా వస్తుందని నేనూ అదే మూల అనుకున్నాను. సిద్ధాంతితో నా అభిప్రాయం కలవడంతో ఒళ్లంతా గొంగళిపురుగు పాకినట్టనిపించింది. రెండు రోజులు వేరే మూల కోసం వెతికి, దొరక్క, చివరికి అక్కడే పెట్టడానికి ఒప్పుకున్నాను. ఒప్పుకున్నందుకు ఆమె మొహంలో కనబడ్డ విజయం ఇప్పటికీ మరవలేను.

పెట్టె రిక్షాలో వచ్చింది. అబద్ధమెందుకు, ముందువైపు చూసి ముచ్చటపడ్డాను. మూలలు కలిసినచోట సందు లేదు. వేలితో కొడితే రాతిని కొట్టినట్టుంది. మురిసిపోతూ వెనక్కి తిప్పాను.

వెనకపలక మధ్యలో కన్నాలు. ఏదో చేయి జారి పడ్డవి కావు. నడుమ ఒకటి, చుట్టూ రేకుల్లా మిగతావి. శ్రద్ధగా పువ్వు ఆకారంలో వేసి, అంచులు ఉప్పుకాగితంతో నున్నగా తీర్చిదిద్దిన కన్నాలు.

"ఇదేటి?" అన్నాను.

"పువ్వు బాబూ."

"పువ్వని నాకూ కనబడతంది. ఎందుకెట్టినావు?"

"గాలాడొద్దా? లోపల మిసనుంటాది కదా, వేడెక్కిపోద్ది. గాలాడని పెట్టి మన కాడ బూజట్టీస్తాది బాబూ. టీవీ స్టాండుకైనా, బట్టల పెట్టికైనా నాను కన్నాలెట్టకుండా ఇయ్యను."

"గాలి పోకూడదని రాసినాను కదా! ఎర్రగా రాసినాను!"

"సదివినాను," అన్నాడు జాలిగా. "పాపం బాబుకి తెల్దేమో, మరిసిపోనారేమో అనుకున్నాను. పువ్వుకి ఏటీ అడగన్లెండి, ఊరికే ఎట్టినాను."

నా జన్మంతా ఇదే. నేను మూయమన్నది తెరుస్తారు, తెరవమన్నది మూస్తారు, పైగా నా తెలివితక్కువకి జాలిపడి పువ్వులు ఊరికే పెడతారు. సముద్రపు తేమలో పుట్టి పెరిగిన మా జనానికి గాలాడని పెట్టె అంటే బూజు పట్టే పెట్టె అనే తెలుసు. ఎర్ర సిరాతో కాదు, నెత్తురుతో రాసినా ఆ చేయి ఆగదు. అతణ్ణి పంపించేసి నోటికొచ్చినట్టు గోడను తిట్టాను.

అయినా ఓపిక పట్టలేక స్పీకరు బిగించి, ఆంప్లిఫైయరు తగిలించి, పెట్టెను నైరుతి మూలలో పెట్టి నాన్న రికార్డింగు వేశాను. నాన్నను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. ఎవరు చెప్పారో గానీ సరిగ్గా ఆ వేళకి బావమరిది ఊడిపడ్డాడు. జముకు మోగినప్పుడల్లా వెనక కన్నాల్లోంచి గాలి పుస్ పుస్‌మని కొడుతోంది. మూలుగు రావలసినచోట ఉబ్బసం వచ్చింది.

"ఏటి బావా, ఈ పెట్టికి ఆయాసమున్నాదేటి?" అన్నాడు బావమరిది. "దీనికన్నా నా కాడ పాత పెట్టొకటున్నాది, అంపీనా?"

నాన్న రెండు అరచేతులూ చెవుల వెనక పెట్టుకుని ముందుకు వంగి వింటున్నాడు. నేను దగ్గరికెళ్లి చెవిలో అరిచాను. "నానా, ఇనబడతందా? నీ జముకు!"

నాన్న నా మొహంలోకి చూశాడు. నన్ను నొప్పించకూడదని ఆలోచిస్తున్నాడని తెలిసిపోయింది.

"ఎక్కడో బండెల్తన్నట్టుంది రా," అన్నాడు.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వస్తే నాకు కోపమే వస్తుంది. పెట్టెను గోడ దగ్గర నుంచి బర్రున లాగి, వెనకవైపు హాల్లోకి తిప్పేశాను. చెక్క సందులు పూడ్చే పుట్టీ డబ్బా తెచ్చి మూత తీశాను. ఎలాగూ పువ్వు మూస్తున్నాను, ఇంకెక్కడెక్కడ గాలి పోతోందో కూడా చూద్దామని పాట ఆపకుండానే అగరొత్తి వెలిగించి అంచుల వెంట తిప్పాను. పొగ ఎక్కడ చెదిరితే అక్కడ సందు ఉన్నట్టు.

మా ఇంట్లో అగరొత్తి వెలిగితే దానికి ఒకటే అర్థం. నా భార్య వంటింట్లోంచి చూసి, "ముందే సెప్పొచ్చు కదండీ, కొత్త సామానుకి పూజ సేస్తన్నానని" అంటూ కుంకం భరిణె తెచ్చి, నేను వద్దనేలోగా పెట్టె నెత్తిన మూడు బొట్లు పెట్టేసింది. బావమరిది చెప్పులు విప్పి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ మనుషుల మధ్య నేను ఎలా బతుకుతున్నానో అనిపించింది. అగరొత్తి, కుంకం చూసి నాన్న కూడా కుర్చీలోంచి లేచి వచ్చాడు, కళ్లకద్దుకోవడానికి. వంగి పెట్టె మీద చేయి వేశాడు. ఆ చేయి పువ్వు మీద పడింది.

తీయలేదు. కన్నాల్లోంచి గాలి అతని అరచేతిని కొడుతోంది. నాన్న అలాగే వంగి ఉండిపోయాడు. తర్వాత మెల్లగా నేల మీద చతికిలబడి, పెట్టె వెనకపలకకి తన ఎడమ పక్క ఆనించాడు. ఎడమ చేయి పెట్టె మీదుగా వేసి చంకలో ఇరికించుకున్నట్టు అదుముకున్నాడు. జముకు వాయించేవాడు తన వాయిద్యాన్ని జనంలా ముందు నిలబడి ఎప్పుడు విన్నాడు కనుక! అతనికి అది తెలిసింది డొక్కలోనే. నాకు ఇది తోచలేదు.

కుడిచేతి వేళ్లు కదలడం మొదలైంది. రికార్డింగులో శబ్దం లేచేటప్పుడు ఎడమ పిడికిలి బిగుస్తోంది, జారేటప్పుడు వదులవుతోంది.

"ఇది నానేరా," అన్నాడు. కళ్లు మూసుకున్నాడు.

బావమరిది మాట్లాడకపోవడం నేను అదే చూడటం. పాట సాగుతోంది. అరలో ఉన్న చిన్న స్పీకర్లలోంచి కథకుడి గొంతు, నాన్న పక్కటెముకల్లోకి జముకు. గుండె పిండే చోటు వచ్చింది. ఎప్పటిలాగే ఆ దిక్కుమాలిన గుంటడు ఏడుపందుకున్నాడు. నాకు చిరాకేసింది. నాన్నకి ఆ సన్నటి ఏడుపు వినబడే అవకాశమే లేదు. అయినా అక్కడికొచ్చేసరికి అతని పిడికిలి గబుక్కున వదులైంది. ఆ వెంటనే రికార్డింగులో జముకు కూడా ఒక్క క్షణం తడబడింది. ఇన్నిసార్లు విన్నా ఆ తడబాటు నాకు తెలియలేదు.

నాన్న కళ్లు తెరవకుండానే నవ్వాడు. "ఇక్కడ జారిపోనాది."

"ఏటి?" అని అరిచాను.

"తీగ. నువ్వేడిసినావు."

నాకు అర్థం కాలేదు. నాన్న పెట్టెను వదలకుండానే చెప్పాడు. "మీ అమ్మ రానని పంతం పట్టినాది. మరేటనిపించినాదో, అందరూ కూకున్నాక నిన్ను సంకనేసుకుని సీకట్లో ఎనకాల నిలబడ్డాది. నాను సూళ్లేదు. నువ్వేడిసినావు. నీ ఏడుపు నాకు తెల్దేటి? తీగ జారిపోనాది. కథ సెప్పేవోడు నాకేసి కొరకొరా సూసినాడు." కుడిచేత్తో ఆ పువ్వును తడిమాడు. "ఇంటికెల్లి అడిగితే, రేకుడబ్బా ఇనడానికి నానొస్తానా అన్నాది. నాను మరేటీ అన్లేదు."

నా భార్య మెల్లగా అంది. "అయితే ఆ ఊరుకో ఊరుకో అన్నది అత్తయ్యా?"

నేను వెళ్లి రికార్డింగును వెనక్కి జరిపాను. ఇన్నేళ్లూ ఆ చోటు రాగానే విసుక్కుని వేరే పనిలో పడేవాణ్ణి. ఈసారి చిన్న స్పీకరుకి చెవి ఆనించాను. పిల్లాడు ఏడుస్తున్నాడు. దూరంగా ఆడగొంతు. పడుచుగొంతు. ఆమెకి అలాంటి గొంతు ఉండేదని నాకు తెలియదు. "ఊరుకో, ఊరుకో." పాట కిందినుంచి ఇంకా ఏదో అంటోంది. మళ్లీ వెనక్కి జరిపాను.

"ఊరుకో, ఊరుకో. అదిగో మీ అయ్య వాయిస్తన్నాడు, ఇను."

కత్తిరించమని నేను షాపువాణ్ణి అడిగిన ముక్క అది.

నాన్న పక్కన కూర్చుని, అతని చెవికి నోరు ఆనించి ఆ మాట అరిచి చెప్పాను. ఒకసారి చెప్తే వినబడలేదు. రెండోసారి చెప్పాను. నాన్న తల అడ్డంగా ఊపాడు.

"అబద్ధం," అన్నాడు. "అది అలగ అనదు."

"అన్నాది నానా. ఇందులో ఉన్నాది."

నాన్న పెట్టెకి ఇంకాస్త జరిగి, ఎడమ పక్క ఆ పువ్వు మీద గట్టిగా ఆనించుకున్నాడు.

"మళ్లీ ఎయ్యి," అన్నాడు.

వేశాను. ఆ మాట నాన్నకి వినబడదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ చోటు వచ్చేసరికి అతని పిడికిలి వదులైంది. మళ్లీ వెయ్యమన్నాడు. మళ్లీ వేశాను. బావమరిది చెప్పులు వేసుకోకుండానే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నేను పుట్టీ డబ్బాకి మూత పెట్టేశాను.